‘ఎంత?’ అంటే ఫోను చెబుతుంది, ‘ఎప్పటికి?’ అంటేనో

సంపాదకులు గారికి నమస్కారాలు.

కిందటి ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు బడి లెక్కల్లోని లాగరిథమ్‌ల (లాగ్‌ల) మీద విరుచుకుపడ్డారు. చేతిలో ఫోను పెట్టుకుని పిల్లల చేత ఇంకా ఆ పాఠం చదివించడం, ఎడ్లబండి కట్టుకుని హైవే ఎక్కడం లాంటిదేనన్నారు. ఉదాహరణ కూడా ఇచ్చారు. ఆయన బ్యాంకులో 7 శాతానికి డిపాజిట్ వేశారట. నూటిని ఏడుతో భాగిస్తే 14 వచ్చింది, 14 ఏళ్లకి సొమ్ము రెట్టింపవుతుంది, ఈ మాత్రం దానికి లాగులూ నిక్కర్లూ దేనికండీ అని చమత్కరించారు. చమత్కారం బాగుంది, నేనూ మా మనవడూ నవ్వుకున్నాం. లెక్కే బాగులేదు. ఆ డిపాజిట్ సంగతి చివర చెబుతాను. ముందు, లెక్కల మాస్టారిని కాని నేను ఈ గొడవలోకి ఎందుకు దూరానో చెప్పాలి.

నేను ఒడిశా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో దస్తావేజు లేఖరిని. జనం నోట్లో ‘రైటరు’. అమ్మకాలు, తనఖాలు, భాగపంపకాలు, ప్రోనోట్లు నా సరుకు. ఒడియా వాళ్లకి ఒడియాలో, తెలుగు వాళ్లకి తెలుగులో రాస్తాను. మహేంద్రతనయ ఏటికి ఇవతల రాసిన నోటుకి సాక్షి సంతకం పెట్టడానికి అవతల ఆంధ్రాలోని పాతపట్నం నుంచి బావమరిది వస్తాడు. 1936లో ఒడిశా సరిహద్దు గీత గీసిన వాళ్లు ఊళ్లని విడదీశారు గానీ అప్పుల్ని విడదీయలేకపోయారు. నలభై ఏళ్లు ఈ బల్ల దగ్గర కూర్చున్నాక నాకు తెలిసిందేమిటంటే, అప్పిచ్చేవాడు ‘ఎంత?’ అని అడుగుతాడు. తీసుకున్నవాడు ‘ఎప్పటికి?’ అని అడుగుతాడు. ఈ రెండూ ఒకే రకం ప్రశ్నలు కావు. మీ పాఠకుడి ఫోను మొదటిదానికి ఠక్కున జవాబు చెబుతుంది. రెండోదానికి చెప్పాలంటే ఆయన వెక్కిరించిన ఆ లాగే కావాలి.

మా ఇంటి సంగతే చెబుతాను.

1979 ఏప్రిల్లో మా అప్ప (అక్క) పెళ్లికి నాన్న 3,000 రూపాయలు అప్పు చేశాడు. ఊళ్లోనే ఒక షావుకారు, నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆ రోజుల్లో అదేమీ అన్యాయపు వడ్డీ కాదు. నాన్న ఆయన్ని ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు, నేనూ అనను. ప్రోనోటుకి మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది కదా. అందుకని వడ్డీ కట్టలేనివాడు మూడో ఏడు నిండేలోపల అసలూ వడ్డీ ఏకం చేసి, ఆ మొత్తాన్ని కొత్త అసలుగా చూపించి ఇంకో నోటు రాసిస్తాడు. దీన్ని మేం ‘తిరగరాయడం’ అంటాం. నోటు మీద వెతికి చూడండి, ‘చక్రవడ్డీ’ అన్న ముక్క ఎక్కడా కనపడదు. కానీ తిరగరాసిన ప్రతిసారీ చక్రం ఒక చుట్టు తిరిగినట్టే.

నెలకి రెండంటే మూడేళ్లకి 72. నూరు కాస్తా నూటడెబ్బై రెండు. 1982లో నాన్న నోటు 5,160 అయింది. 1985లో 8,875. 1988లో 15,265. 1991 వచ్చేసరికి 26,256. ఆ ఏడు మళ్లీ తిరగరాయడానికి నాన్నకి చెయ్యాడలేదు. ఎకరా ముప్పావు పల్లపు పొలంలో అరెకరం 27,000కి అమ్మి నోటు వెనక్కి తెచ్చుకున్నాడు. మిగిలిన 744 రూపాయలు అమ్మ చేతిలో పెట్టి, ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని నోటు నాలుగు ముక్కలుగా చింపాడు. చింపిన ముక్కల్ని పారేయకుండా చెక్క పెట్టెలో దాచుకోవడమే నాకు వింతగా తోచింది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. నాన్న అప్పు చేసిన ఏడాదే నేను ఊళ్లో కాలేజీలో ఐ.ఎస్సీ.లో (ఇంటర్ సైన్సులో) చేరాను. లాగ్ టేబులు పుస్తకం కొనుక్కున్నాను. నాలుగంకెల టేబులు, సన్న పుస్తకం, దారంతో కుట్టిన బైండు. దాన్ని పెట్టుకుని రెండేళ్లపాటు చేసిన పని ఏమిటంటే, ఆరేడు దశాంశ భిన్నాలు ఒకదానితో ఒకటి గుణించి, అందులో ఒకదానికి ఘనమూలం తీసి, మరోదానితో భాగించి జవాబు రాబట్టడం. ఆ లెక్కలకి వెనకా ముందూ ఏమీ లేవు. ఎవరి సొమ్మో, ఎవరి పొలమో తెలీదు. పరీక్షలో పదికి పది వచ్చాయి. అవే రోజుల్లో నాన్న ఒకసారి అన్నం తింటూ, “ఇది ఇలా తిరగరాసుకుంటూ పోతే ఎన్నేళ్లకి పదింతలవుతుందిరా?” అని అడిగాడు. పదింతలంటే 30,000. అప్పట్లో మా పొలం మొత్తం ధర ఇంచుమించు అంతే. “చాలా ఏళ్లు పడుతుంది నాన్నా” అన్నాను. పుస్తకం గూట్లోనే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. ఆయన అడిగింది అందులో ఉన్న లెక్కేనని నాకు తట్టలేదు, ఎవరూ తట్టించలేదు.

మీ పాఠకుడు అన్నదాంట్లో సగం నిజమే, ఒప్పుకుంటాను. పెద్ద పెద్ద సంఖ్యల్ని గుణించడానికి లాగ్ టేబులు తిరగెయ్యడం ఈ రోజుల్లో దండగ. ఆ ఉద్యోగం ఎప్పుడో పోయింది. కానీ లాగుకి రెండో ఉద్యోగం ఒకటుంది. దాన్నుంచి ఎవరూ రిటైరు చేయలేరు.

నాన్న ప్రశ్ననే తీసుకోండి. ప్రతి మూడేళ్లకీ అప్పు 1.72 రెట్లవుతోంది. ఎన్నిసార్లు తిరగరాస్తే 10 రెట్లు? అంటే 1.72 ని ‘ఎన్’ సార్లు తనతో తానే గుణిస్తే 10 రావాలి, ఆ ‘ఎన్’ ఎంత? మామూలు సమీకరణంలో తెలియని సంఖ్య నేల మీద ఉంటుంది. తీసివేతో భాగహారమో చేసి ఒంటరిని చేసి పట్టుకుంటాం. ఇక్కడది అటక మీద, ఘాతాంకంలో కూర్చుంది. కింద నుంచి ఎంత కూడినా తీసేసినా దిగదు. దాన్ని కిందికి దింపే నిచ్చెనే లాగ్. పదిని ఎన్నో ఘాతం చేస్తే ఒక సంఖ్య వస్తుందో, ఆ ఘాతాంకమే ఆ సంఖ్యకి లాగ్.

ఎలా దింపుతుందంటే, లాగ్‌లోకి వెళ్లిన గుణకారం కూడికగా మారిపోతుంది. 1.72 తో ఒకసారి గుణించడమంటే లాగ్‌లో ఒకసారి 0.2355 కలపడం. టేబుల్లో 17వ వరస పట్టుకుని 2 కింద వేలు పెడితే 2355 కనిపిస్తుంది, అదే. ‘ఎన్’ సార్లు గుణిస్తే ‘ఎన్’ సార్లు కలుపుతాం. పదే పదే ఒకే అంకె కలపడమంటే గుణించడమే కదా. అంతే, అటక మీద ‘ఎన్’ వచ్చి నేల మీద నిలబడింది: ఎన్ × 0.2355 = లాగ్ 10. పది లాగ్ ఒకటి. ఒకటిని 0.2355 తో భాగిస్తే 4.25 దాకా వస్తుంది. నాలుగుసార్లు తిరగరాశాక ఇంకా కొంచెం. అంటే పన్నెండేళ్లు పైచిలుకు.

“పన్నెండున్నరేళ్లు నాన్నా” అని 1979లోనే చెప్పగలిగి ఉండేవాణ్ణి. పెన్సిలుతో రెండు నిమిషాల పని.

కచ్చితంగా రాయాలంటే ఆ ‘పైచిలుకు’ దగ్గర జాగ్రత్త పడాలి. 4.25 ని మూడుతో గుణిస్తే 12 ఏళ్ల 9 నెలలు వస్తుంది. నిజానికి అది 12 ఏళ్ల 7 నెలలే. ఎందుకంటే నోటు రాసిన మూడేళ్ల లోపల వడ్డీ బారువడ్డీగా, తిన్నగా గీత గీసినట్టు పెరుగుతుంది. తిరగరాసేటప్పుడు మాత్రమే మెట్టు ఎక్కుతుంది. నాలుగో మెట్టు మీద 26,256 ఉంది, 30,000 కావడానికి ఇంకా నూటికి 14 రూపాయల పైన కావాలి, ఏడాదికి 24 చొప్పున ఏడు నెలలు. లాగ్ ఎన్ని మెట్లో చెబుతుంది. మెట్టు మీద నడక మనం చూసుకోవాలి. అదే రెండు రూపాయల వడ్డీని ఏటేటా అసల్లో కలిపితే పదింతలు కావడానికి 10 ఏళ్ల 8 నెలలు, నెలనెలా కలిపితే 9 ఏళ్ల 8 నెలలు. అసలు ఎన్నడూ కలపకపోతే 37 ఏళ్లన్నర. వడ్డీ రేటు అడిగి ఊరుకునేవాళ్లు ‘ఎన్నాళ్లకోసారి కలుపుతారు’ అని కూడా అడగాలని నేను నోటు రాసేముందు ప్రతివాడికీ చెబుతాను. వింటారా అంటే, పెళ్లి ముహూర్తం పెట్టుకుని వచ్చినవాడు ఏం వింటాడు.

మా మనవడు పదోతరగతి. ఈ లెక్క వాడికి ఇస్తే లాగ్ 10 బై లాగ్ 1.72 దాకా చక్కగా వచ్చి, అక్కడ ఒకటిలోంచి 0.2355 తీసేసి 0.76 అని రాశాడు. భాగహారమొస్తే లాగ్‌లు తీసివెయ్యాలని వాడికి గుర్తు. 10 ని 1.72 తో భాగించి దాని లాగ్ తీస్తే అది తీసివేత. ఇక్కడ రెండు లాగ్‌లు విడివిడిగా తీసి ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తున్నాం, అది ఉత్త భాగహారం. “0.76 మెట్లంటే రెండేళ్ల మూడు నెలలు. మూడేళ్లకి రెట్టింపైనా కాని అప్పు, రెండేళ్లకే పదింతలైందా?” అన్నాను. వాడు నాలిక్కరుచుకున్నాడు. నోటు లెక్కలో ఉన్న సుఖం ఇదే. తప్పు వస్తే మన కడుపే మనకి చెబుతుంది.

ఇంకో తప్పు కూడా తరచూ చేస్తారు. 3,000 × 1.72 పవర్ ఎన్ = 30,000 అని ఉంటే, ముందు 3,000 తో భాగించకుండా ఎడమపక్క ఉన్నదంతా పట్టుకుని ఎన్‌ని కిందికి లాగేస్తారు. ఎన్ ఉన్నది 1.72 నెత్తి మీదే, 3,000 నెత్తి మీద లేదు. అసలు ఒక్కసారే ఇచ్చారు మహాప్రభో, ప్రతి మూడేళ్లకీ ఇవ్వలేదు.

పొలం ధర కూడా పెరిగింది కదా, పదింతల అప్పు పొలాన్నంతా ఎలా మింగుతుంది అని తెలివైనవాళ్లు అడుగుతారు. సరైన ప్రశ్న. 1979లో ఎకరా 17,000 పలికేది, 1991లో మేం అమ్మింది ఎకరా 54,000 లెక్కన. 3.18 రెట్లు. దీని లాగ్ 0.5024, పన్నెండేళ్లతో భాగిస్తే 0.0419. ఏ సంఖ్య లాగ్ ఇది అని వెనక్కి చూస్తే 1.10. పొలం ఏడాదికి నూటికి పది చొప్పున పెరిగిందన్నమాట. అప్పేమో మూడేళ్లకి 0.2355 అంటే ఏడాదికి 0.0785. ఇప్పుడు రెండూ పరుగు పందెంలో ఉన్నాయి. పొలం అప్పుకి పదింతలు ముందు నిలబడి ఉంది, కానీ అప్పు కాళ్లు జోరు. ఎప్పటికి అందుకుంటుంది? సమీకరణంలో ఇటూ ఘాతాంకమే, అటూ ఘాతాంకమే. చూస్తే భయం వేస్తుంది గానీ లాగ్‌లోకి దింపితే చిన్నప్పటి రైళ్ల లెక్క. నౌపడాలో బయల్దేరిన బండిని గుణుపురం దారిలో వెనక బండి ఎక్కడ కలుస్తుంది అన్నట్టే. మధ్య దూరం లాగ్ 10, అంటే 1. వేగాల తేడా, 0.0785 లోంచి 1.10 లాగ్ 0.0414 పోతే 0.0371. ఒకటిని దాంతో భాగిస్తే 27 ఏళ్లు. నాన్న ఆ అరెకరం అమ్మకుండా పట్టుదలకి పోయి తిరగరాసుకుంటూ ఉంటే, 2006 నాటికి ఎకరా ముప్పావూ ఆ పెళ్లప్పుకే సరిపోయేది. పిరికిపని అనుకున్నారు ఊళ్లో కొందరు, పొలం అమ్మడాన్ని. ఆయనకి లాగ్ రాదు. మరెలా తెలిసిందో నాకిప్పటికీ అంతుపట్టదు.

పేరు దగ్గర కూడా చిక్కుంది. తెలుగు పుస్తకంలో ఈ పాఠం ‘సంవర్గమానాలు’. నిండు సంస్కృతం. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ ఆ మాట చూస్తే నాకు చెయ్యి ఊరుకోదు. నిజానికి మాట మంచిదే. సంవర్గం అంటే గుణించగా వచ్చేది. ఆర్యభటుడు వాడిన మాట. ఆ ఒక్క ముక్క చెప్పి మొదలుపెడితే పిల్లలకి భయం పోతుంది. చెప్పరు.

లాగ్‌ని సీమ సరుకని తోసేసేవాళ్లకి ఇంకో మాట. 1614లో ఆ టేబుల్ని మొదట అచ్చువేసిన నేపియర్ స్కాట్లండ్‌లో ఒక భూస్వామి, మా భాషలో బుగత. పదిని ఆధారం చేసి ఇప్పటి రూపం ఇచ్చింది లండన్‌లో లెక్కలు చెప్పే బ్రిగ్స్. ఆయన ఎడింబరా దాకా ప్రయాణం కట్టి వెళ్లి బుగత గారిని కలిసి మాట్లాడి, 1617లో వెయ్యి దాకా సంఖ్యలకి లాగ్‌లు అచ్చువేశాడు. కానీ ఒక సంఖ్యని ఎన్నిసార్లు సగం చేయవచ్చు అన్న లెక్కకి మన జైన గణితజ్ఞుడు వీరసేనుడు అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందే ‘అర్ధచ్ఛేదం’ అన్న మాట వాడాడు. 32 కి అర్ధచ్ఛేదం 5. రెండు ఆధారంగా తీసిన లాగే అది. మనకి ఇంకా దగ్గరది చదరంగం పద్యం. లెక్కల్ని తెలుగు పద్యాల్లో రాసిన పావులూరి మల్లన పద్యంగా పెద్దవాళ్లు చెప్పేవారు. ఒక గడిలో ఒకటి, తర్వాతి గడిలో రెండు, ఆపైన నాలుగు, అలా అరవై నాలుగు గళ్లకీ రెట్టించుకుంటూ పోతే వచ్చే మొత్తాన్ని ‘శర, శశి’ (శర అంటే 5, శశి అంటే 1) అంటూ మాటల్లో దాచిన పద్యం. కుడినుంచి ఎడమకి విప్పుకుంటే 18446744073709551615. మా తాతకి కంఠతా వచ్చు. అంకె తప్పు పోయిందేమో అని అనుమానం వచ్చినప్పుడల్లా నేను లాగ్‌తో సరిచూస్తాను. 64 ని 0.3010 తో గుణిస్తే 19.26, కాబట్టి 20 అంకెలుండాలి. లెక్కపెట్టండి, ఉన్నాయి. గుణించకుండానే ఎన్ని అంకెలో చెప్పేస్తుంది లాగ్.

పద్యాలూ పురాణాలూ వద్దంటే పోస్టాఫీసుకి వెళ్లండి. కిసాన్ వికాస్ పత్రం, 7.5 శాతం, 115 నెలల్లో సొమ్ము రెట్టింపు. ఆ 115 ఎక్కడినుంచి వచ్చిందని ఎప్పుడైనా అడిగారా? వందని 7.5 తో భాగిస్తే 13 ఏళ్ల 4 నెలలు, 160 నెలలు వస్తాయి, 115 రావు. లాగ్ 2 ని లాగ్ 1.075 తో భాగించండి. 0.3010 బై 0.0314. తొమ్మిదేళ్లన్నర దాటి వస్తుంది. పన్నెండుతో గుణిస్తే 115.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మాత్రం వేరే. ఏడాదిన్నర కిందట బస్టాండు దగ్గర ఇడ్లీలు వేసే ఒకామె నా బల్ల దగ్గరకొచ్చింది. కొంగు ముడిలోంచి ఒక నోటు నకలు తీసింది. 50,000 రూపాయలు, రెండు రూపాయల వడ్డీ. నెలనెలా వెయ్యి తప్పకుండా కడుతోంది, కట్టినట్టు నోటు వెనకాల చెల్లు రాయించుకుంటోంది. వెనకవైపు చోటు చాలక కాగితం అతికించారు. నాలుగేళ్లు, 48 చెల్లులు. “రైటరు బాబూ, 48 వేలు కట్టేశాను కదా, ఇంకా రెండు వేలేనా?” అంది.

నాకు నోట మాట రాలేదు. 50,000 కి నెల వడ్డీ వెయ్యి. ఆమె కడుతున్నదీ వెయ్యే. అసలు ఒక్క రూపాయి కూడా కరగలేదు. అదే చెప్పాను. ఆమె కోపం తెచ్చుకోలేదు, ఏడవలేదు. కాసేపు ఆగి, “మరి ఎప్పటికి తీరతాదో సెప్పండి” అంది.

మా నాన్న ప్రశ్నే. ఈసారి గూట్లోంచి పుస్తకం తీశాను.

కంతుల (వాయిదాల) అప్పులో లెక్క కొంచెం మెలిక తిరుగుతుంది గానీ మూలం చాలా సులువు. నెలకి 1,250 కడితే మొదటి నెల వెయ్యి వడ్డీకి పోయి 250 అసలుకి చేరుతుంది. ఆ 250 కి ఇక వడ్డీ ఉండదు కాబట్టి, మరుసటి నెల అసలుకి చేరేది 255. ఆపైన 260 పైచిలుకు. అసలుకి చేరే ముక్క నెలనెలా 1.02 రెట్లు పెరుగుతూ పోతుంది. అది పెరిగి పెరిగి మొత్తం కంతు అంత, 1,250 అయిన నాటికి అప్పు ఖతం. 250 ఎప్పటికి 1,250 అవుతుంది? అయిదు రెట్లు ఎప్పటికి అవుతుంది? లాగ్ 5 బై లాగ్ 1.02. అంటే 0.6990 బై 0.0086. 81 నెలలు.

1,500 కడితే? అసలుకి 500 తో మొదలు, 1,500 కావాలి, మూడు రెట్లు. లాగ్ 3 బై లాగ్ 1.02, 55 నెలలన్నర. 2,000 కడితే వెయ్యి నుంచి రెండు వేలు, రెండు రెట్లు, 35 నెలలు. నెలకి 250 రూపాయలు పెంచితే 26 నెలలు కలిసొస్తాయి. 1,250 చొప్పున కడితే మొత్తం మీద లక్ష దాటి కడుతుంది, 1,500 అయితే 83 వేల చిల్లర. ఇడ్లీల పొట్లం చుట్టే పాత పేపరు అంచు మీదే ఈ అంకెలన్నీ వేసి చూపించాను. ఆమెకి లాగ్ అంటే ఏమిటో తెలీదు, కానీ మూడు వరసల అంకెల్లో తనకి కావలసింది ఏదో వెంటనే పట్టుకుంది. “మరి వెయ్యే కడతా ఉంటే?” అని అడిగింది, తెలిసే. సున్నా ఎప్పటికి వెయ్యి అవుతుంది? సున్నాని 1.02 తో ఎన్నిసార్లు గుణించినా సున్నాయే. లాగ్ టేబుల్లో సున్నాకి గడి లేదు. పుస్తకం మూసి ఆమె వైపు తిప్పి, “ఇందులో కూడా లేదమ్మా” అన్నాను.

మీ పాఠకుడి ఫోనుతో ఈ లెక్క చేయలేమా అంటే, చేయొచ్చు. మా మనవడు పంతం పట్టి 1.02 కొట్టి గుణకారం బటన్ నొక్కుకుంటూ రెట్టింపు దాకా పోదామని కూర్చున్నాడు. ఇరవై రెండో నొక్కుడు దగ్గర వాళ్లమ్మ పిలిచింది, ఎన్నో నొక్కుడో మర్చిపోయాడు. రెండోసారి చివరిదాకా వెళ్లాడు, 35 వ నొక్కుడుకి 1.99989. లక్షకి లెక్క కడితే రెట్టింపుకి 11 రూపాయలు తక్కువ. నా పెన్సిలు చెప్పిందీ 35 నెలలే. చిత్రమేమిటంటే అదే ఫోను అడ్డంగా తిప్పితే లాగ్ అని బటన్ ఉంది. ఫోను చేసినవాళ్లు పీకెయ్యని బటన్ని మనం పాఠంలోంచి ఎందుకు పీకెయ్యాలి?

అందుకని నా మనవి ఒక్కటే. పాఠం తియ్యకండి, లెక్కలు మార్చండి. దశాంశాల్ని గుణించి ఘనమూలాలు తీయించే ఆ పాత లెక్కలు పోతే నాకేం బెంగ లేదు. వాటి చోట ఒక ప్రోనోటు, ఒక బంగారం తాకట్టు చీటీ, ఒక కిసాన్ పత్రం పెట్టండి. మీ ఆదివారం విద్యార్థి పేజీలో నెలకొకటి వేసినా చాలు. పేర్లు మార్చి ప్రోనోట్ల నమూనాలు నేను రాసి పంపిస్తాను, పైసా అక్కర్లేదు.

ఇడ్లీలామె 1,500 చొప్పున మొదలుపెట్టింది. మధ్యలో రెండు మూడు నెలలు కష్టమైంది గానీ ఆ నెలల్లోనూ వడ్డీకి తక్కువ కాకుండా కట్టి, మిగతాది పండగ అమ్మకాల్లో సర్దింది. సర్దుబాట్లు తీసేసి చూస్తే 17 పూర్తి కంతులు పడ్డట్టు. మొన్న షావుకారు గుమస్తా, నేను, ఆమె కూర్చుని లెక్క తేల్చాం. అసలు 39,994. నలభైకి దిగిందా అని మూడుసార్లు అడిగింది. దిగిందమ్మా, ఆరు రూపాయలు కిందికే దిగింది అన్నాను.

ఇక డిపాజిట్ సంగతి. బ్యాంకు వాళ్లు వడ్డీని మూడేసి నెలలకోసారి అసల్లో కలుపుతారు. ఏడాదికి 7 అంటే మూడు నెలలకి 1.75. లాగ్ 2 ని లాగ్ 1.0175 తో భాగిస్తే 39.95, అంటే 40 త్రైమాసికాలు, సరిగ్గా పదేళ్లు. లక్ష వేస్తే రెండు లక్షల పైన 160 రూపాయలు మిగులుతాయి కూడా. రేటు మారకుండా, టీడీఎస్ (వడ్డీ మీద పన్ను) కోత పడకుండా ఉంటేనే అనుకోండి. ఆయన 14 ఏళ్ల తర్వాతి తేదీ డైరీలో రాసుకుని ఉంటే, దాన్ని నాలుగేళ్లు ఇవతలికి జరుపుకోమని మీ పత్రిక ద్వారా చెప్పండి.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.